కుక్క మూతికి గుడ్డ

మా ఆఫీసులో ఒక కుర్రాడికి సన్మానం చేయాలని నా ప్రతిపాదన. శాలువా నేనే తెస్తాను. జీతాల ప్రోగ్రాములో తప్పుందని చెప్పే ఎర్ర గీత కనిపిస్తే, అది ఎందుకొచ్చిందో చూసే శ్రమ పడకుండా, ఆ గీతను రప్పించిన మాటనే చెరిపేసిన మహానుభావుడు అతను.

తెలిసినవాళ్లు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రతి క్లాసుకూ, అంటే మనం రాసుకునే ప్రతి నమూనాకూ, ఆబ్జెక్ట్ అనే మూలపురుషుడు ఉంటాడు. ఈక్వల్స్ (రెండూ ఒకటేనా అని చూసేది), హ్యాష్‌కోడ్ (ఒక్కోదానికీ ఓ అంకె ఇచ్చేది) అనే మెథడ్లు, అంటే పని చేసిపెట్టే కోడ్ ముక్కలు, ఆయన ఆస్తి. ఆయనవి నచ్చకపోతే అదే పేరుతో మనం వేరేగా రాసుకోవచ్చు, అదే ఓవర్‌రైడ్. కానీ ఈ రెండూ జంట. మొదటిది మార్చి రెండోదాన్ని వదిలేస్తే ఒకటి రెండుసార్లు రాకుండా చూసుకునే హ్యాష్‌సెట్ అనే సంచికి ఒకే మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు.

మనవాడు రెండూ రాశాడు, పాపం. కాకపోతే హ్యాష్‌కోడ్ అనే పేరులో పెద్దబడి (క్యాపిటల్) 'సి' ఉండాల్సిన చోట చిన్నబడి కొట్టాడు. మన అక్షరమాలలో ఈ గొడవ లేదు కాబట్టి భాషాభిమానంతో క్షమించవచ్చు. జావా క్షమించదు, అలాగని తిట్టదు కూడా. ఇదేదో కొత్త మెథడ్ కాబోలు అనుకుని పక్కన పడేసి, తాతగారిదే నడిపిస్తుంది.

సరిగ్గా ఇలాంటివాటి కోసమే 2004లో జావా 5తో @ఓవర్‌రైడ్ వచ్చింది. మెథడ్ నెత్తిన ఆ ఒక్క మాట రాస్తే, పైతరంలో ఆ పేరు లేనప్పుడు, కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చే కంపైలర్ అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆపింది కూడా!

"అది పెడితే ఎర్ర గీత వస్తోందన్నా, అందుకే తీసేశా."

దొంగను చూసి కుక్క మొరిగితే, కుక్క మూతికి గుడ్డ కట్టాడన్నమాట.

నెలాఖరు వచ్చింది. హాజరు పట్టీ నుంచి ఒకసారి, ఉద్యోగుల జాబితా నుంచి ఒకసారి వచ్చిన పేర్లన్నీ ఆ హ్యాష్‌సెట్‌లో పడ్డాయి. మనిషికి రెండేసి పే స్లిప్పులు. అకౌంట్స్ ఆయన "కవలల్ని ఎప్పుడు చేర్చుకున్నామండీ?" అని ఫోన్ చేశాడు. ఒకావిడ ఇంక్రిమెంటు అనుకుని థాంక్స్ మెయిల్ కూడా పెట్టింది. రాత్రి రెండింటికి కాల్‌లో పదకొండు మంది. నెట్‌వర్క్ అన్నారొకరు, క్యాష్ మెమరీ అన్నారింకొకరు. చివరికి ఒక పెద్దాయన సర్వర్ రీస్టార్ట్ చేయించాడు. జాబ్ మళ్లీ మొదటి నుంచి నడిచింది. ఇప్పుడు మనిషికి నాలుగు స్లిప్పులు.

కుర్రాడి మీద నాకు కోపం లేదు, చేరి మూడు నెలలే. ఆ మార్పును తనిఖీ చేయాల్సింది పోయి, తెరవకుండానే 'బాగుంది' అని నొక్కేసిన సీనియర్ల మీద కోపం. పదేళ్ల అనుభవమట! ఏం అనుభవం, నొక్కడంలోనా? జీతాలయ్యా అవి, జనం ఇంటద్దెలు కట్టుకునే డబ్బు. మీరు ఒక్క నిమిషం చదివి ఉంటే, ఆరు నెలల పాపను ఒళ్లో వేసుకుని ఆ రాత్రంతా లాగ్‌లు వెతికిన అమ్మాయి కాసేపు నిద్రపోయేది. తెల్లారి మీటింగులో మళ్లీ ఆమెనే అడిగారు, ఎందుకింత ఆలస్యమైందని. సిగ్గు లేదా?

నిన్న చూశాను. 'సి' పెద్దబడి అయింది. @ఓవర్‌రైడ్ మాత్రం లేదు.

"ఇప్పుడు బాగానే నడుస్తోందిగా అన్నా" అన్నాడు. కింద ఇద్దరు సీనియర్లు అప్పటికే 'బాగుంది' నొక్కేశారు.