నా కొడుకు బతికే ఉన్నాడు, పని అడుగుతున్నాడు

సన్మాన సభ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. వాళ్ళు కప్పిన శాలువా తీసి అవతల పడేసి ఇది రాస్తున్నాను. మైకు పట్టుకున్న కుర్రాడు నన్ను "అమరవీరుడి తల్లి" అంటూ వేదిక మీదికి పిలిచాడు. "బతికే ఉన్నాడు బాబూ, కాలికి గాయమైంది" అన్నాను. "అదేలెండమ్మా" అన్నాడు. ఏది నాయనా అదే? అప్పటికే చప్పట్లు కూడా కొట్టేశారు.

సరే, వచ్చిన పని చూసుకుందామని ముఖ్య అతిథి గారి చేతికి అర్జీ ఇచ్చాను. ఆయన చూడకుండానే పీఏకి ఇచ్చారు, పీఏ టేబుల్ మీద పడేశాడు. ఎవరో టీ గ్లాసు తెచ్చి సరిగ్గా దాని మీదే పెట్టారు. మావాడి ఆర్మీ నంబరు చుట్టూ గుండ్రంగా మరక. ఫొటోకి మాత్రం నన్ను మళ్ళీ నిలబెట్టారు, మొదటిదాంట్లో శాలువా సరిగ్గా పడలేదట.

ఇంతకీ నేనేమడిగాను? ఇల్లా, స్థలమా? మందుపాతర పేలి మడమ నుజ్జయిన పిల్లాడికి ఒక చోట ఉండి చేసుకునే పనేదైనా ఇప్పించమన్నాను. స్టోర్సో, ఆఫీసో, కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఆయుధం విప్పి బిగించడం నేర్పడమో. ఎత్తైన ప్రాంతాలకి పంపొద్దు, బరువులు మోయించొద్దు, పరుగులు వద్దు అని మెడికల్ బోర్డు డాక్టర్లే రాసిచ్చారు. దాన్నే "పర్మనెంట్ లో (low) మెడికల్ కేటగిరీ" అంటారు, అంటే శాశ్వతంగా తక్కువ ఫిట్‌నెస్ శ్రేణి. అలాంటివాణ్ణి ఉంచుకోవాలంటే మాత్రం షెల్టర్డ్ అపాయింట్‌మెంట్, అంటే ఇలాంటివాళ్ళు చేయగలిగే తేలిక పోస్టు, ఖాళీ ఉండాలి, యూనిట్ పెద్ద సీఓ (కమాండింగ్ ఆఫీసర్) గారు సరేననాలి. మందుపాతర ఖాళీలు చూసుకుని పేలదు కదండీ!

పీఏ గారి సలహా వినండి. "ఇంటికి తెచ్చేసుకోండమ్మా, డిసెబిలిటీ పెన్షన్ వస్తుందిగా, హాయిగా కూర్చుంటాడు." ముప్పై ఏళ్ళు కూడా నిండనివాడు హాయిగా కూర్చుంటాడా? నువ్వు కూర్చుంటావా?

పోనీ చట్టం సంగతి చూద్దాం. ప్రభుత్వ గుమాస్తా ఎవరైనా సొంతింటి మెట్ల మీద జారి కాలు పోగొట్టుకున్నాడనుకోండి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఉంది, అందులో 20వ సెక్షన్ ఉంది. ఉద్యోగం తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతం మీద ఇంకో పోస్టు ఇవ్వాలి, అదీ లేకపోతే ఆయన కోసం అదనంగా ఒక పోస్టు సృష్టించాలి. మంచిదే, ఉండాల్సిందే. కానీ సైన్యంలో పోరాట సిబ్బందికి ఈ సెక్షన్ వర్తించదని 2021 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చారు. మెట్ల మీద జారినవాడికి ఉన్న ధీమా సరిహద్దులో పేలుడికి ఎగిరిపడ్డవాడికి లేదు.

సైన్యమన్నాక ఫిట్‌నెస్ ఉండాలండీ అంటారు. తెలుసు మహానుభావా, కొండెక్కించమని నేనూ అనడం లేదుగా.

2018ని సైన్యం విధి నిర్వహణలో వికలాంగులైన సైనికుల సంవత్సరంగా ప్రకటించింది. చాలా సంతోషించాం. ఆ మరుసటేడు, 2019 జూన్‌లో, పన్నులవాళ్ళు ఒక సర్క్యులర్ తెచ్చారు. గాయం వల్ల మధ్యలోనే ఇంటికి పంపేసినవాళ్ళ డిసెబిలిటీ పెన్షన్‌కే పన్ను మినహాయింపట. అదే గాయంతో చివరిదాకా పనిచేసి రిటైరైనవాళ్ళకి లేదట. కుంటుకుంటూ డ్యూటీ చేసినందుకు బహుమానమన్నమాట!

1971 యుద్ధంలో మందుపాతర మీద కాలేసి, నుజ్జయిన కాలిని ఖుక్రీ కత్తితో తానే నరుక్కున్న సైనికాధికారి ఇయాన్ కార్డోజో గారి కథ చెప్పమంటే అందరూ చెబుతారు. ఆయన తర్వాత కృత్రిమ కాలితోనే పదాతి దళ బెటాలియన్‌కి కమాండర్ అయ్యారు. మేజర్ జనరల్ దాకా ఎదిగారు. ఆ సగం ఎవరికీ గుర్తుండదు. కాలు నరుక్కోవడం వరకే మనకి కావాలి, ఒళ్ళు గగుర్పొడుస్తుంది కదా.

అసలు పీఏని అనుకుని ఏం లాభం, నా ఇంట్లోవాళ్ళే ఉన్నారు. మావాడు సెలెక్టయిన రోజు మా మరిది గారు "చదువు అబ్బకపోతే అంతేగా వదినా" అన్నారు. ఇప్పుడు ఆయన వాట్సాప్ డీపీ చూడాలి, జెండా తప్ప మొహం కనబడదు. గాయమైందని తెలిశాక ఫోన్ చేసి మొదట అడిగిన మాట "ఎలా ఉన్నాడు" కాదు, "ఎంతొస్తుంది వదినా" అని! ఆ తర్వాత కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని ఆ అమ్మాయి తండ్రి చెవిలో ఎవరు వేశారో నాకు తెలీదనుకుంటున్నారు పాపం. మరిది గారూ, మీరిది చదువుతారని తెలుసు.

ఇలాంటి కేటగిరీలో ఉన్నవాళ్ళ చేత యూనిట్లో ఒక కాగితం రాయించుకుంటారు. షెల్టర్డ్ అపాయింట్‌మెంట్ ఇస్తే పనిచేయడానికి విల్లింగా, అన్‌విల్లింగా అని. మావాడు విల్లింగ్ అని రాసి సంతకం పెట్టాడు. ఆ కబురు కూడా ఆ అమ్మాయి వాళ్ళకి చేరవేయండి మరిది గారూ.