టీచరమ్మ డ్రయ్యరు, ఇంటాయన మోటారు

ఏడాదిపాటు ఉచితంగా పాఠాలు చెప్పడానికి అమెరికా నుంచి కావలి పక్క పల్లెకు వచ్చే వాలంటీరు టీచరమ్మకు విమానం ఎక్కకముందే బోలెడు జాగ్రత్తలు చెప్పి పంపిస్తారు. కుళాయి నీళ్లు తాగొద్దు, దోమతెర కట్టుకో, పాములు తిరుగుతాయి, కారం చూసి తిను. ఇవన్నీ ఆమె తు.చ. తప్పకుండా పాటిస్తుంది. పామును చూసి పరిగెత్తడం ఏ దేశం వాళ్లకైనా ఒకరు నేర్పాలా? మొదటి వారంలో కొంప ముంచేవి వేరే ఉన్నాయి. అచ్చం వాళ్లింట్లో ఉన్నట్టే కనిపిస్తాయి, పని మాత్రం తిరగేసి చేస్తాయి.

స్విచ్చి సంగతే చూడండి. మనకు కిందికి నొక్కితే వెలుగుతుంది, వాళ్లకు పైకి లేపితే వెలుగుతుంది. కరెంటు ఉన్నప్పుడు ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది గనక గొడవలేదు. టీచరమ్మ బడికి బయల్దేరే వేళకే కరెంటు పోతుంది చూశారూ, అక్కడ వస్తుంది తంటా. పొదుపరి మనిషి కాబట్టి స్విచ్చులన్నీ బుద్ధిగా కిందికి నొక్కి, తాళం వేసుకుని పోతుంది. పావుగంటకు కరెంటు వస్తుంది. ఇక సాయంత్రం దాకా ఫ్యానూ ట్యూబులైటూ బాత్రూం బల్బూ ఖాళీ గదికి సేవ చేస్తూనే ఉంటాయి. ఆమె దిగిన ఇంటి పెద్దాయన వరండాలో కూర్చుని మీటరు వంక చూస్తూ ఉంటాడు.

అసలు కథ హెయిర్ డ్రయ్యరుది. బడులు తెరిచే జూన్‌లో న్యూయార్క్ గడియారం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. ఇక్కడ తొమ్మిదింటికి ప్రార్థన గంట కొడితే ఆమె ఒంటికి అది రాత్రి పదకొండున్నర. అందుకే మొదటి రోజుల్లో అర్ధరాత్రి రెండింటికే మెలకువ వచ్చి కూర్చుంటుంది. తోచక అయిదింటికల్లా తలస్నానం చేస్తుంది, ఆపైన డ్రయ్యరు తీస్తుంది. సరిగ్గా ఆ వేళకే పెద్దాయన లేచి, మిద్దె మీది ట్యాంకు నింపుకోవడానికి బోరు మోటారు వేస్తాడు.

చెన్నై విమానాశ్రయంలో కొన్న అడాప్టరు ఉందిగా అని ఆమె ధైర్యం. అడాప్టరు ప్లగ్గు కాళ్ల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదు. వాళ్లింట్లో వచ్చేది 120 వోల్టులు, మనకొచ్చేది 230. ఫోను ఛార్జరు మీద 100 నుంచి 240 దాకా అని రాసి ఉంటుంది, దానికి ఏ భయమూ లేదు. లాప్‌టాప్ ఛార్జరుకూ అంతే. అమెరికాలో అమ్మే డ్రయ్యరు మీద సాధారణంగా ఉండేది 125 వోల్టులు, 1875 వాట్లు. వోల్టేజి దాదాపు రెట్టింపైతే వాట్లు రెట్టింపుతో ఆగవు, మూడింతలు దాటిపోతాయి. లెక్క కడితే ఆరువేల మూడొందల వాట్ల పైచిలుకు, దాదాపు 28 ఆంపియర్లు. దాన్ని గుచ్చింది 6 ఆంపియర్ల సాకెట్లో! కాయిల్ ఎర్రగా మండి, లోపలి ఫ్యాను విమానంలా ఒక్కసారి రొద చేసి, చురుమని వాసన కొట్టి, ఇల్లంతా చీకటవుతుంది. మోటారు ఆగిపోతుంది. ట్యాంకులో అడుగున జానెడు నీళ్లు.

"ఏందబ్బా, మనింట్లోనేనా పోయింది? పక్కింటోళ్లకి ఉందేమో చూడు!" అని పెద్దాయన కేక. పల్లెలో ఫ్యూజు పరీక్ష ఇదే. పక్కింట్లో వెలుగుతుంటే పోయింది మన ఫ్యూజు, వెలగకపోతే లైన్‌మన్‌కు ఫోను. ఫ్యూజే పోయిందని తేలాక మెయిన్ ఆపి, ఫ్యూజు తీగ ఉండే పింగాణీ కటౌటు పీకి, పాత వైర్లోంచి రాగి తీగలు మూడు పురి పెట్టి, "ఇంక ఈ జన్మలో పోదు" అని బిగిస్తాడాయన. నిజమే, పోదు. ఈసారి దాని బదులు గోడలో వైరింగు కాలుతుంది. ఫ్యూజు ఉద్యోగమే కాలిపోవడం. ఆ ఉద్యోగం దాన్ని చేయనివ్వాలి. సర్క్యూటుకు తగ్గ తీగే వేయాలి, అంతకన్నా లావుది కాదు. డ్రయ్యరు విషయానికొస్తే, కొన్నింటికి పిడి పక్కన 125, 250 అని చిన్న మీట ఉంటుంది. దాన్ని ముందే 250 వైపు తిప్పుకోవాలి. మీట లేకపోతే పెట్టెలోంచి తీయనక్కర్లేదు. జూన్‌లో నెల్లూరు జిల్లా వడగాలి ఉండగా జుట్టు ఆరబెట్టుకోవడానికి మిషను తెచ్చుకోవడమేమిటి అని ఇంటావిడకు ఈ రోజుకీ అంతుబట్టదు. ఆవిడ మాటలో న్యాయముంది.

ట్యాంకు అన్నాం కాబట్టి ఆ ముక్కా చెప్పుకుందాం. బాత్రూంలో రెండు కుళాయిలుంటే ఒకటి వేడి, ఒకటి చల్లన అనుకుంటుంది టీచరమ్మ. రెండూ ఆ నల్ల ట్యాంకు బిడ్డలే. పొద్దున రెండూ చల్లన, మధ్యాహ్నం రెండింటికి రెండూ సలసల.

బడిలో తేదీతో మొదలవుతుంది. మామూలుగా మన బడులు తెరిచేది జూన్ 12న. ఆమె నల్లబల్ల మీద వాళ్ల అలవాటు ప్రకారం నెల ముందు, రోజు వెనక పెట్టి 6/12 అని రాస్తుంది. పిల్లలు మాట్లాడకుండా డిసెంబరు ఆరు అని దించుకుంటారు. బల్ల మీద ఉన్నది ఉన్నట్టు దించుకోవడంలో మన పిల్లల్ని మించినవాళ్లు లేరు. మర్నాడు 6/13 రాసేసరికి మాత్రం క్లాసు లీడరు లేచి, "పదమూడో నెల లేదు మేడమ్" అంటాడు. లెక్కల్లోనూ ఇదే తంతు. మూడేసి అంకెలకు కామా పెట్టి 1,000,000 అని ఆమె రాస్తే, 10,00,000కి అలవాటుపడ్డ అయిదో తరగతి కామాలు తప్పని గొల్లుమంటుంది. తేదీలో నెలను అక్షరాల్లో రాయడం, కామాలు మన పద్ధతిలోనే పెట్టడం. ఈ రెండూ మొదటి రోజే హెడ్‌మాస్టరు చెవిన వేస్తే సగం అల్లరి తగ్గుతుంది.

మిగతా సగం "అర్థమైందా?" అన్న ప్రశ్న వల్ల. నలభై గొంతులు ఒక్కటిగా "యస్ మేడమ్!" అంటాయి. ఆమె పొంగిపోయి తర్వాతి పాఠంలోకి పోతుంది. ఆ కేక హాజరు పలకడం లాంటిదే, పాఠంతో దానికి సంబంధం లేదు. ఒకణ్ణి పిలిచి బల్ల మీద చేయమంటే తప్ప ఎంత ఎక్కిందో తేలదు. వెనక బెంచీ వాణ్ణి పిలవాలి. ముందు బెంచీ వాడు ఎలాగూ చేస్తాడు.

కాగితాల పని ఇంటివాళ్లది. విదేశీయులు దిగిన 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారం ఆన్‌లైన్లో నింపాలి, హోటలైనా సొంతిల్లైనా సరే. వీసా 180 రోజులు దాటినదైతే, వచ్చిన 14 రోజుల్లో ఆమె కూడా నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు వేర్వేరు గడుల్లో ఉంటాయి, ఏ గడిలోది ఆ గడిలోనే నింపండి.

ఇక భోజనం. కారం దోశ పైకి మామూలు దోశే, ఎరుపంతా మడత లోపల. నోరు మండితే ఆమె నీళ్ల గ్లాసు అందుకుంటుంది. మిరపలో మండే పదార్థం నీళ్లలో కరగదు, నోరంతా పాకుతుంది. గడ్డపెరుగు పెట్టండి.

దోశకన్నా ప్రమాదం కంచంతో. పెట్టింది వదలకుండా తినడం ఆమె నేర్చుకున్న మర్యాద. ఖాళీ కంచం చూస్తే వడ్డించడం మన ఇంటావిడ మర్యాద. ఈ రెండు మర్యాదలూ ఎదురుపడితే ఆపేవాళ్లుండరు. ఆమె తుడిచి తింటుంది, ఈవిడ "రొంత ఏసుకోమ్మా, ఏం తిన్నావని!" అంటూ చేపల పులుసు పోస్తుంది. ఆమె మళ్లీ తుడుస్తుంది. మూడో విడతకు మొహం చెమటలు పడుతుంది, నాలుగో విడతకు ఇంటావిడ వీధిలోకి పోయి "ఎంత బాగా తింటదో బిడ్డ!" అని చెప్పొస్తుంది. బయటపడే దారి ఒక్కటే. కూరన్నం ఇంకా కాస్త ఉండగానే పెరుగు అడగాలి. పెరుగులోకి దిగిన మనిషికి పులుసు పోసే ఇల్లు జిల్లాలో లేదు.

అలా గట్టెక్కానని పడుకున్న టీచరమ్మకు పొద్దున దోశల పక్కన మళ్లీ అదే పులుసు కనిపిస్తుంది. చేపల పులుసు మర్నాటికే రుచని నెల్లూరోళ్లకి ఒకరు చెప్పాలా?