కీమో అయిపోయింది సరే, ఓపిక ఎక్కడిది?

మా పిన్నిది నరసాపురం దగ్గర పల్లెటూరు, లేసు అల్లుతుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యి రెండేళ్లు దాటింది, రిపోర్టులు బాగున్నాయి, చుట్టాలందరూ గండం గడిచిందన్నారు. కానీ కుడి చెయ్యి దండెం దాకా లేవదు. చంకలో లింఫు గ్రంథులు తీసేశాక ఆ చెయ్యి సాయంత్రానికి వాచిపోతుందని గాజులు తీసి గూట్లో పెట్టేసింది. దానికంటే పెద్ద బాధ నీరసం. "పడుకుని లేచినా అలసట తీరదురా" అంటుంది. బయట చెబితే గుడ్లు తినమంటారు, పాలు తాగమంటారు.

ఇది తిండితో పోయే నీరసం కాదండి. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చికిత్స ముగిసిన 200 మంది ఆడవాళ్లను తీసుకుని, సగం మందికి 12 వారాల పాటు వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున హఠయోగం, అంటే ఆసనాలూ ప్రాణాయామమూ కలిసిన మామూలు యోగా, చేయించారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, క్లాసులు ఆగిన మూడు నెలల తర్వాత చూసినా, చేయనివాళ్లకంటే వీళ్లలో అలసట 57 శాతం తక్కువ. నిద్ర కూడా మెరుగవుతుందని వేరే పరిశోధనలు చెప్పాయి. అయితే మామూలు వ్యాయామం కంటే యోగాయే గొప్పదనడానికి గట్టి రుజువు లేదు, నడకా మంచిదే. మరి యోగా ఎందుకంటే, ఒకవైపు రొమ్ము తీసేసి, రాలిన జుట్టు ఇంకా సరిగ్గా రాని మనిషి కాలువ గట్టు మీద పదిమంది చూస్తుండగా చేతులూపుకుంటూ నడవడానికి మొహమాటపడుతుంది. తలుపేసుకుని చాప మీద చేసుకునేదానికి ఆ బెంగ ఉండదు.

మాత్రలు మానేసి ప్రాణాయామం చేయండి, క్యాన్సర్ మళ్లీ రాదు అనే గురువుల్ని మాత్రం గుమ్మంలోంచే పంపేయాలి. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే హార్మోన్ మాత్రలు డాక్టర్ చెప్పినన్నాళ్లు వేసుకోవాల్సిందే. వాటిలో లెట్రోజోల్ లాంటివి ఎముకల్ని పల్చబరుస్తాయి, కాబట్టి బలవంతంగా ముందుకు వంచే ఆసనాలు వద్దు. వాచిన చేతి మీద ఒంటి బరువంతా మోపే సూర్యనమస్కారాలు చేయించే ముందు డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో అడగాలి. కుర్చీలో కూర్చుని చేసేది కూడా యోగాయే.

జూన్ 21న యోగా దినమని మైదానాలు నింపుతాం, ఫొటోలు దిగుతాం. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఆపరేషన్‌కీ కీమోకీ డబ్బు కడుతుంది. ఆ తర్వాత మనిషి మళ్లీ మామూలు మనిషి అయ్యే సంగతి ఎవరి పద్దులోనూ లేదు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో, అంటే ఊళ్లలోని సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో, యోగా ఎలాగూ ఉండాలంటున్నారు కదా, అందులో వారానికి రెండు పూటలు ఇలాంటివాళ్లకి కేటాయించి, ఏ చెయ్యి ఎంత లేపాలో తెలిసిన మనిషిని పెడితే చాలు.

ప్రభుత్వాన్ని అంటున్నాను గానీ, మేం తక్కువా? కీమోకి రాజమండ్రి దాకా కారు మాట్లాడిన మేమే, పిన్నిని వారానికి రెండుసార్లు పాలకొల్లు క్లాసుకి తీసుకెళ్లాల్సి వచ్చేసరికి, నీ వంతంటే నీ వంతని వాదించుకున్నాం.