తరవాణి ట్రయల్: మన ముసలివాళ్లపై ఓ బృహత్ పరిశోధనకు ముసాయిదా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అరవై దాటిన ప్రతి మనిషికీ ఇప్పుడు సొంత ఆహార శాస్త్రవేత్త ఉన్నాడు. సాధారణంగా కొడుకే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. పొద్దున్న ఆరింటికే "అమ్మా, ఆలివ్ నూనె వాడితే గుండెపోటు 30 శాతం తగ్గుతుందట" అని వాట్సాప్ పెడతాడు. మధ్యాహ్నానికి కూతురు గానుగ నూనె పంపిస్తుంది. రాత్రికి అల్లుడు ఫోన్ చేసి అసలు నూనే మానెయ్యమంటాడు. ఇంతకీ అమ్మ ఆ పూట ఏం తిన్నదో ముగ్గురిలో ఒక్కరూ అడగరు.

ఈ అరాచకానికి ఒకటే మందు. మన జిల్లాలకంటూ ఒక క్లినికల్ ట్రయల్ ఉండాలి, అంటే చీటీ తీసి మనుషుల్ని జట్లుగా విడగొట్టి, ఏ జట్టుకేమైందో చూసే పరీక్ష. పేరు కూడా ఖాయం చేశాం, మనవాళ్లు పొద్దున్న తాగే పులిసిన గంజి పేరు మీద: తరవాణి ట్రయల్. ముసాయిదా ఇందుమూలంగా సమర్పించడమైనది. ఎథిక్స్ కమిటీవారు చిత్తగించవలెను.

ముందు ఆ 30 శాతం సంగతి తేల్చాలి. అది గాలివార్తేం కాదు. స్పెయిన్‌లో ప్రెడిమెడ్ అనే ట్రయల్ జరిగింది. 55 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లు 7,447 మంది. గుండెజబ్బు ఇంకా రాలేదు గానీ షుగరో, బీపీ, కొలెస్ట్రాల్ లాంటివి కొన్నో ఉన్నవాళ్లు. ఒక జట్టులో ఇంటికి వారానికి లీటరు ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె. రెండో జట్టులో మనిషికి రోజుకి 30 గ్రాముల గింజలు: అక్రోట్లు 15, బాదం ఏడున్నర, హేజల్‌నట్లు ఏడున్నర. మూడో జట్టుకి కొవ్వు తగ్గించుకోమని ఉచిత సలహా. సుమారు అయిదేళ్లు చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో చావు, మూడూ కలిపి 7,447 మందిలో 288 మందికి వచ్చాయి. వెయ్యిమందిని ఏడాదిపాటు చూస్తే సలహా జట్టులో 11 మందికి, నూనె జట్టులో 8 మందికి.

పదకొండులోంచి మూడు తీసేస్తే ముప్పై శాతానికి దగ్గరే కదా. వెయ్యిలోంచి మూడు తీసేస్తే? బట్టల కొట్లో ఆషాఢం తగ్గింపు బోర్డు గంటస్తంభం దగ్గర్నుంచే కనిపిస్తుంది. దేనిమీద తగ్గింపో తెలియాలంటే మాత్రం చీర మడత విప్పి లోపల చీటీ చూడాలి. ఏటా వెయ్యికి ముగ్గురంటే తీసిపారేసే సంగతేం కాదు. కానీ "వెయ్యిలో ముగ్గురట" అని పెడితే ఫార్వర్డ్ చేసేవాడెవడు?

మన ట్రయల్‌కి లీటరు ఆలివ్ నూనె అంటే కొన్ని రోజుల ఉపాధి హామీ కూలి. అందుచేత దాని బదులు నువ్వుల నూనె, హేజల్‌నట్ల బదులు పలాస జీడిపప్పు ప్రతిపాదిస్తున్నాం. స్పెయిన్‌లో నూనె, గింజలు ఆ సరుకు అమ్మేవాళ్లే ఉచితంగా ఇచ్చారు. పలాస వ్యాపారులూ అంత ఉదారంగా ముందుకొస్తారనే ఆశ. గుండు పప్పు ఇస్తారా, బద్దలిస్తారా అన్నది వాళ్ల మనస్సాక్షికి వదిలేస్తున్నాం. ఒక నూనె మీద వచ్చిన ఫలితాన్ని ఇంకో నూనెకి అంటగట్టకూడదు, సరుకు మార్చేస్తే అది వేరే ట్రయల్ అవుతుంది అని కొందరు సణుగుతున్నారు. అల్లుళ్లు రోజూ చేసే పని మేం ఒకసారి చేస్తే తప్పా?

ఇక ఎవరేం తింటున్నారో రాసుకోవడం. దానికి ప్రపంచమంతా వాడే పనిముట్టు ఆహార ప్రశ్నపత్రం. వందకు పైచిలుకు పదార్థాలు, ఒక్కోదానికీ ఎదురుగా గళ్లు: నెలకోసారి, వారానికోసారి, రోజుకి రెండుసార్లు. గడిచిన ఏడాదంతా తలుచుకుని టిక్కు పెట్టాలి. కవిటి వైపు ఏదో ఊళ్లో, అరుగు మీద కూర్చున్న డెబ్బై అయిదేళ్ల మనిషి ముందు ఈ కాగితం విప్పితే ఎలా ఉంటుందంటే:

"మామ్మా, పోయిన ఏడాది గుమ్మడికాయ వారానికెన్నిసార్లు తిన్నావు?"

"కాసినప్పుడు తిన్నాం గుంటా. కాయనప్పుడేటి తింటాం?"

"సగటున చెప్పు మామ్మా."

"సగటంటే ఏటి?"

"పోనీలే. తిన్నప్పుడు ఎన్ని గ్రాములుంటుంది?"

"కోడలు ఏస్తాది, నాను తింటాను. ఎవులు తూసేరు?"

ప్రశ్నలడిగే అమ్మాయి కాసేపు ఆకాశం చూసి "వారానికోసారి" గడిలో టిక్కు పెడుతుంది. ఆ టిక్కు రేపు కంప్యూటర్లో పడి, ముసలమ్మ రోజుకి ఇన్ని మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ (గుమ్మడికీ క్యారెట్‌కీ ఆ రంగునిచ్చేది) తీసుకుంటోందని చుక్క తరవాత రెండంకెల దాకా తేలుతుంది. రెండు దశాంశ స్థానాలు చూశాక ఎవరికైనా గౌరవం పుట్టాల్సిందే.

ఉప్పు గడి దగ్గర ఆవిడ "తక్కువేలే" అంటుంది. అబద్ధం కాదు, కూరలో తక్కువే. పొద్దున్న తరవాణిలో నంజుకున్న మాగాయ టెంక, వేయించిన ఎండు నెత్తళ్లు ఆవిడ దృష్టిలో ఉప్పు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తం మీద రోజుకి 5 గ్రాములు మించొద్దంటుంది, అంటే తలగొట్టిన చిన్న చెంచాడు. అసలు లెక్క తేలాలంటే 24 గంటల మూత్రం పట్టాలి. మొదటిరోజు పొద్దున్న లేవగానే వెళ్లింది పారబొయ్యాలి, టైము రాసుకోవాలి, ఆ తరవాత పగలూ రాత్రీ ప్రతిదీ క్యానులోనే, మర్నాడు అదే టైముకి వెళ్లింది కూడా కలపాలి. మధ్యలో ముసలమ్మ చేలోకి వెళ్లి రెండుసార్లు గట్టు చాటున కూర్చుంటే చాలు, కాగితాల మీద ఆవిడ సగం ఉప్పు తినే మహర్షి అయిపోతుంది. క్యాను చంకనెట్టుకుని పెళ్లికెళ్లే కార్యకర్తల కోసం ప్రకటన ఇవ్వబోతున్నాం.

ఇన్ని గళ్లలో చుట్టకున్నది ఒక్కటే: పొగ తాగుతారా, అవును లేక కాదు. ఏ కొస నోట్లో పెట్టుకుంటారని అడగదు. మన సముద్రపు వారలో ఆడవాళ్లు నిప్పున్న కొసే నోట్లో పెట్టుకుంటారని, అడ్డపొగ అంటే అదేనని, ప్రశ్నపత్రం తయారుచేసిన దేశానికి తెలియదు. కానీ వైద్యశాస్త్రానికి ఎప్పుడో తెలుసు. 1971లోనే ఈ అడ్డపొగ మీద 10,169 మంది ఆంధ్ర గ్రామీణుల నోళ్లు తెరిపించి చూసి, అంగుట్లో వచ్చే మచ్చల్ని, పుళ్లని లెక్కగట్టి బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చేశారు. అంతర్జాతీయ ఖ్యాతి అంటే ఇదీ. గుమ్మడికాయ క్యాన్సర్‌ని ఎంత ఆపుతుందో దశాంశాల్లో వెతుకుతుంటే, నిప్పు మాత్రం అంగుటి మీద కాలుతూనే ఉంటుంది.

సరే, ట్రయలూ గియలూ ఎందుకు, ఊరికే చూసి రాసుకుంటే పోలా అనేవారున్నారు. వాళ్లకి ఒకే ఉదాహరణ. పళ్లు తినే ముసలివాళ్లకి గుండెజబ్బులు తక్కువ అని ఒక సర్వేలో తేలిందనుకోండి. పళ్లు తినాలంటే ముందు పళ్లుండాలి. నోట్లోవీ, జేబులోవీ. నోట్లో పళ్లున్నవాడు జామకాయ కొరుకుతాడు, లేనివాడు గంజి తాగుతాడు. పళ్లున్నవాడికి పింఛనూ ఉంటుంది, చిన్నప్పట్నుంచీ డాక్టరూ ఉంటాడు. గుండెని కాపాడింది జామకాయా, పింఛనా? ఇంకో తమాషా: బక్కగా ఉన్న ముసలివాళ్లే ఎక్కువ పోతున్నారు కాబట్టి కాస్త ఒళ్లు చేస్తే మంచిదని రాసేస్తారు. కడుపులో క్యాన్సర్ అప్పటికే కూర్చుని ఉండి, అది బయటపడక ముందే మనిషిని పీల్చేసిందేమో? అందుకే తెలిసినవాళ్లు మొదటి రెండేళ్లలో పోయినవాళ్లని పక్కనపెట్టి మళ్లీ లెక్కేస్తారు. వాట్సాప్‌లో రెండేళ్లు ఆగే ఓపిక ఎవరికుంది?

ఎవర్ని చేర్చుకోవాలన్నది తరవాతి అధ్యాయం. ఇక్కడ కాస్త నిదానించాలి. చైనాలో 600 పల్లెల్లో 20,995 మందిని తీసుకుని, సగం పల్లెల్లో ఉప్పు మార్చి చూశారు, 2021లో ఫలితం వచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. మామూలు ఉప్పు 75 పాళ్లు, పొటాషియం క్లోరైడ్ 25 పాళ్లు. పక్షవాతం 14 శాతం తగ్గింది, అంటే ఏటా వెయ్యికి 33, 34 వచ్చే చోట 29. చవక, తేలిక, వంట మారక్కర్లేదు. ఇంతకంటే మంచి వార్త ఆహార పరిశోధనల్లో అరుదు. పొట్లాం మీద "గుండెకు మేలు" అని చూసి కొడుకు అర్జంటుగా సోంపేటకి కొరియర్ చేస్తాడు.

సోంపేట ఉద్దానంలో ఉంది. ఉద్దానంలో కిడ్నీలున్నాయి. అంటే, ఎన్నాళ్లో ఉండని కిడ్నీలు. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా మూత్రపిండాలు చడీచప్పుడు లేకుండా ఎండిపోయే చోటు. చైనా ట్రయల్ తీవ్రమైన కిడ్నీ జబ్బున్న ఇళ్లని గుమ్మంలోనే ఆపేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ ఉప్పుని సిఫార్సు చేస్తూ కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి వర్తించదని రాసింది. వడపోత తగ్గిన కిడ్నీ పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేకపోతుంది, అది రక్తంలో పేరుకుని గుండె లయ తప్పించి ఆపెయ్యొచ్చు. గుండె కోసం కొన్న ఉప్పు నేరుగా గుండె దగ్గరికే వెళుతుందన్నమాట, పొట్లాం అబద్ధం చెప్పలేదు. దానికి తోడు తోటలోంచి దింపిన కొబ్బరి బొండం. అందులో 600 మిల్లీగ్రాముల చుట్టుపక్కల పొటాషియం.

"నాకు కిడ్నీ జబ్బు లేదు, రిపోర్టు ఉంది" అంటారు. క్రియాటినిన్, అంటే కిడ్నీ రక్తంలోంచి వడగట్టాల్సిన చెత్త, 1.1, ల్యాబువాడు నార్మల్ అని కొట్టి ఇచ్చాడు. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. డెబ్బై అయిదేళ్ల బక్క ముసలమ్మ దగ్గర కండేది? వయసూ లింగమూ వేసి, కిడ్నీ వడపోత కట్టే 2021 సూత్రంతో లెక్కగడితే, నిమిషానికి 52 మిల్లీలీటర్ల దగ్గర ఆగుతుంది. 60 కంటే తక్కువ మూడు నెలలు దాటి ఉంటే దాన్ని జబ్బే అంటారు. ఆ ఒక్క గుణకారం చాలా ల్యాబు కాగితాల మీద అచ్చవదు, అదనపు సిరా ఖర్చు కాబోలు. కాబట్టి తరవాణి ట్రయల్‌లో ఈ ఉప్పు ఇచ్చే జట్టు కూడా ఒకటి పెడితే, దానికి ఉద్దానం వాళ్లు అనర్హులు. ఉద్దానం వాళ్లు, కిడ్నీ వాళ్లు, మతిమరుపు వాళ్లు, మంచం పట్టినవాళ్లు, ఆస్పత్రికి రాలేనివాళ్లు, అందర్నీ తీసేశాక మిగిలిన డెబ్బై ఏళ్ల దిట్టమైన ముసలివాళ్ల మీద పరిశోధన చేసి, ఫలితం మాత్రం తీసేసినవాళ్లకి వర్తింపజేస్తాం. ఇది మా కల్పన కాదు, ప్రపంచ సంప్రదాయం.

ఆహారం ఇంత తలనొప్పి అయితే బిళ్ల ఇచ్చెయ్యొచ్చుగా? ఇచ్చారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగరాయుళ్లని చేర్చుకుని, వాళ్లలో సగం మందికి క్యారెట్లలో ఉండే బీటా కెరోటిన్ రోజుకి 20 మిల్లీగ్రాములు ఏళ్ల తరబడి మింగించారు. మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. ఇంకో ట్రయల్‌లో ఆస్ట్రేలియా, అమెరికాల్లోని 19,114 మంది ముసలివాళ్లకి, ఎక్కువ మంది డెబ్బై దాటినవాళ్లే, రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరినో, ఉత్తుత్తి బిళ్లో ఇచ్చి 2018లో లెక్క చూసుకుంటే, గుండెకి చెప్పుకోదగ్గ లాభం లేదు, పెద్ద రక్తస్రావాలు వందకి 2.8 నుంచి 3.8 అయ్యాయి, క్యాన్సర్ చావులు తగ్గకపోగా ఎక్కువే కనిపించాయి. గుండెపోటు ఒకసారి వచ్చినవాళ్లకి, స్టెంటు వేసినవాళ్లకి డాక్టరు రాసే ఆస్పిరిన్ వేరు, దాన్ని ముట్టుకోకండి. మేం చెప్పేది పక్కింటాయన వేసుకుంటున్నాడని వేసుకునే దాని గురించి.

క్రమశిక్షణ సంగతి. అమెరికాలో 50 నుంచి 79 ఏళ్ల ఆడవాళ్లు 48,835 మందితో కొవ్వు తగ్గించే ట్రయల్ నడిచింది. తినే కేలరీల్లో కొవ్వు 20 శాతానికి దించాలని లక్ష్యం. ఒక జట్టుకి తరగతులు పెట్టారు, డైరీలు రాయించారు. మొదటి ఏడాదికి 24 దాకా దిగారు, ఆరో ఏడాదికి మళ్లీ 29కి ఎక్కేశారు. ఎనిమిదేళ్ల తరవాత రొమ్ము క్యాన్సర్లోనూ పేగు క్యాన్సర్లోనూ గుండెజబ్బులోనూ గట్టిగా చెప్పగలిగిన తేడా లేదు. ఆహారం పని చెయ్యలేదా, ఆహారం మారనే లేదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. అంత చదువుకున్న దేశంలోనే అలా జరిగితే, పైడితల్లమ్మ సిరిమాను రోజున విజయనగరంలో చుట్టాలింటికొచ్చిన ముసలాయన విస్తట్లో రెండో బూరె వెయ్యకుండా ఆపే పరిశోధకుడింకా పుట్టలేదు.

చివరి కొలమానం చావు. "ఏమైంది?" అని అడిగితే ఇంట్లోవాళ్లు "గుండె ఆగి పోయాడు" అంటారు. గుండె ఆగకుండా పోయినవాడెవడు? అందుకే లక్షణాలన్నీ విడిగా అడిగి రాసుకోవాలి: నొప్పి ఎక్కడ, ఎంతసేపు, చెమట పట్టిందా, మూతి వంకరపోయిందా, అంతకు ముందు నెలల్లో చిక్కిపోయాడా. ఆ కాగితాల్ని, ఏ జట్టువాడో తెలియకుండా, ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా చదివి కారణం రాయాలి. ఇద్దరూ కలవకపోతే మూడోవాడు. కొడుకు చెన్నైలో, కోడలు పుట్టింట్లో, కాగితాలు దొరకవు. ఆ గడిలో "ఆచూకీ తప్పిపోయారు" అని రాస్తాం. మన జిల్లాల్లో వలసల పుణ్యమా అని ఈ గడి నిండుగా ఉంటుంది.

అన్నీ సిద్ధం. ఎవరు ఏ జట్టో కంప్యూటరు చీటీ తీస్తుంది. స్పెయిన్ పద్ధతే పాటించి, మూడో జట్టు నొచ్చుకోకుండా తిండి సామాను కాని చిన్న బహుమతి ఇవ్వాలని నిశ్చయించాం. స్టీలు క్యారేజీ. ఎప్పుడూ తినేదే తినొచ్చు, తరవాణి మానక్కర్లేదు, పైగా క్యారేజీ. ఈ కబురు ఊళ్లోకి పాకిన గంటకి సెంటరు ముందు వరస కట్టారు.

"నాకు మూడోదే కావాలి బావూ, సీటీ వొద్దు."

"మా ఇంటాయన పేరూ దాన్లోనే రాసీ. ఒకే కుంపటికి రెండు కూరలు నాను వొండనేను."

చీటీ పద్ధతి వివరించబోతే కార్యకర్త చెవిలో చెప్పింది, ఒక వీధికి నూనె ఇచ్చి పక్క వీధికి ఇవ్వకపోతే తను ఆ ఊళ్లో తిరగలేనని. ఊరందరినీ ఒకే జట్టులో రాసేసింది. తప్పు పట్టడానికి లేదు. స్పెయిన్‌లోనూ ఒక డాక్టరు సరిగ్గా ఇదే చేశాడు, పల్లెకి పల్లెని ఒకే జట్టులో వేశాడు. కొన్ని ఇళ్లలో మొగుడూ పెళ్లాలనీ చీటీ తియ్యకుండానే ఒక జట్టులో చేర్చారు. అది బయటపడి, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 2013లో అచ్చేసిన పేపరుని 2018లో వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ కట్టి మళ్లీ అచ్చేసింది. మళ్లీ కట్టినా 30 శాతం 30 శాతంలాగే వచ్చింది, వాక్యాలు మాత్రం కాస్త వినయంగా మారాయి.

మా దగ్గర క్యారేజీలు రెండొందలున్నాయి. వరసలో నాలుగొందల ఇరవై మంది ఉన్నారు.