గ్రనాడా రాజులకు ముందుచూపు లేదు

ఎవరూ అనడం లేదు కాబట్టి ఈ మాట నేనే అనాల్సి వస్తోంది. స్పెయిన్ దక్షిణాన గ్రనాడాను ఏలిన నస్రిద్ వంశపు రాజులకు పర్యాటకుల మీద బొత్తిగా శ్రద్ధ లేదు. మొదటి ముహమ్మద్ 1238లో ఊళ్లో అడుగుపెట్టి గుట్ట మీద అల్‌హంబ్రా కోట పని మొదలుపెట్టాడు. చివరి రాజు బోఅబ్దిల్ 1492 జనవరి 2న తాళాలు అప్పగించి వెళ్లిపోయాడు. మధ్యలో రెండున్నర శతాబ్దాల టైముంది. ఇక్కడికి ఏడాదికి పాతిక లక్షలకు పైగా జనం వస్తారన్న ఆలోచన ఆ ఇంట్లో ఒక్కరికైనా తట్టిందా? లేదు. తమకూ తమ కుటుంబాలకూ సరిపడా ఇల్లు కట్టుకుని ఊరుకున్నారు.

ఆ కట్టడమైనా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. ఒక గదిలోంచి ఇంకో దాంట్లోకి తిన్నగా దారి ఉండదు, మలుపు తిరిగి పోవాలి. బయటివాడి చూపు లోపల పడకూడదని అలా కట్టారట. చూపు సంగతి సరే, జెండా పట్టుకుని ముందు నడిచే గైడు ఆ మలుపులో మాయమైపోతే వెనకున్న నలభై మంది ఏమైపోవాలి? గోడల నిండా రాతలే. "అల్లాహ్ తప్ప విజేత లేడు" అనే వంశ నినాదాన్ని లెక్కలేనన్ని చోట్ల చెక్కించారు. అన్నిసార్లు చెక్కించినవాళ్లు ఒక్కచోట ఇంగ్లిష్‌లో వేయిస్తే ఏం పోయేది? గదుల్లో కుర్చీ లేదు, మంచం లేదు, సింహాసనం జాడే లేదు. చూడాల్సిందంతా నెత్తిమీద పెట్టారు. 'ఇద్దరు అక్కచెల్లెళ్ల గది' అని ఒకటుంది, దాని పైకప్పులో వేల ముక్కల గచ్చుపని తేనెపట్టులా వేలాడుతూ ఉంటుంది. ఫోన్ చూడ్డానికి కిందికి వంగడం అలవాటైన మెడ పైకి లేవదన్న చిన్న విషయం ఆ మేస్త్రీలకు తెలియలేదు. "ఇంత డబ్బు పోసి వస్తే ఖాళీ గదులు చూపించారండీ" అని వాపోయే యాత్రికుడి పక్షాన నేను గట్టిగా నిలబడుతున్నాను.

రాజులు చేసిన తప్పును దిద్దడానికి ఇప్పటి నిర్వాహకులు కొంత పాటుపడ్డారు. రాజభవనాల్లోకి అరగంట స్లాట్ల లెక్కన వదులుతారు. టికెట్ మీద టైము దాటిందో, ఇక అంతే సంగతులు. పేరు టికెట్ మీదే ఉంటుంది, పాస్‌పోర్ట్‌తో సరిపోల్చి చూస్తారు, లోపల మళ్లీ చూస్తారు. ఇక్కడ చరిత్ర విద్యార్థులు ఒక తేడా గమనించాలి. ఫెర్డినాండ్, ఇసబెల్లా అనే క్రైస్తవ రాజదంపతులు ఈ రాజ్యాన్ని గెలవడానికి 1482 నుంచి పదేళ్లు యుద్ధం చేశారు. చివర్లో శాంటా ఫే అని ఏకంగా ఒక ఊరే కట్టుకుని బయట కాపు కాశారు. అంత కష్టపడ్డారు, కాదనను. కానీ కోటలోకి వెళ్లేటప్పుడు వాళ్లను పాస్‌పోర్ట్ అడిగిన నాథుడు లేడు. మీ స్లాటు పదిన్నరకి, మీరు పదకొండుకి వచ్చారు అని గుమ్మంలోంచి తిప్పి పంపినవాడూ లేడు.

మన తెలుగువాళ్లకు దీని మీద ఇంకో పరీక్ష. స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లుంటాయి, నాన్న వైపుది ఒకటి, అమ్మ వైపుది ఒకటి. అందుకని అక్కడి ఫారాల్లో ఇంటిపేరుకి రెండు గళ్లు కనబడుతుంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు, హోటల్ బుకింగులు కట్టగట్టి ఇచ్చి షెంగెన్ వీసాను సాధించుకొచ్చిన వీరుడు ఆ రెండో గడి దగ్గర కూలబడతాడు. అమ్మ పుట్టింటివాళ్లది రాయాలా? అది పాస్‌పోర్ట్‌లో లేదే! నాన్న పేరు రాస్తే? అది ఇప్పటికే మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంది. "ఏదో ఒకటి కొట్టండి, టికెట్లు అయిపోతాయి" అని పక్కనుంచి ఇంటావిడ. అయిపోతాయి. సీజన్‌లో అయితే వారాల ముందే అయిపోతాయి.

గ్రనాడా నుంచి సముద్రం వైపు పోయే దారిలో 'మూరు నిట్టూర్పు' అనే కనుమ ఉంది, మూరు అంటే అక్కడి ముస్లిం. రాజ్యం పోగొట్టుకుని వెళ్తున్న బోఅబ్దిల్ అక్కడ ఆగి, వెనక్కి చూసి ఏడ్చాడనీ, మగాడిలా నిలబెట్టుకోలేనిదానికి ఆడదానిలా ఏడువు అని తల్లి దెప్పిందనీ చెబుతారు. కథే, రుజువేమీ లేదు. "రాజభవనాలకు టికెట్లు లేవు, తోటలు మాత్రం చూడవచ్చు" అన్న వాక్యం తెర మీద చదివిన కుటుంబ పెద్ద విడిచే నిట్టూర్పుకు మాత్రం ఇంటిల్లిపాదీ సాక్షులు. దెప్పే బాధ్యత ఆ పూట, మూడు నెలల ముందే బుక్ చేసుకున్న బావమరిది తీసుకుంటాడు.

నస్రిద్ రాజులను తిట్టడం అయింది. ఇక మన జాతికి ఆదర్శంగా నిలవాల్సిన మహానుభావుణ్ణి తలుచుకుందాం. ఆయన ఐదవ చార్లెస్ చక్రవర్తి. 1526లో సెవిల్‌లో పోర్చుగల్ ఇసబెల్లాను పెళ్లాడి, హనీమూన్‌కి గ్రనాడా వచ్చాడు. ఎండాకాలంలో వచ్చి చలికాలం దాకా ఉన్నాడు. ఊరు తెగ నచ్చింది. నచ్చినచోట మామూలు మనుషులు గోడ మీద పేరు గీకుతారు. చక్రవర్తి అంత చిన్న పని చేస్తాడా? ఆ భవనాలను ఆనుకునే తనకో పెద్ద చదరపు రాతి మహలు కట్టమన్నాడు, దాని కడుపులో గుండ్రటి ముంగిలి. పెద్రో మచూకా అనే శిల్పి నక్షా గీశాడు. ఖర్చులో పెద్ద భాగం మొరిస్కోల మీద, అంటే బలవంతాన క్రైస్తవంలోకి మార్చిన స్థానిక ముస్లింల మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. 1568లో వాళ్లు తిరగబడేసరికి పని కుంటుబడింది. చివరికి పైకప్పు పడింది 20వ శతాబ్దంలో. అందులో చక్రవర్తి ఒక్క రాత్రయినా నిద్ర చేయలేదు. ఊరికి రావడం, ఆహా అనడం, మనకు కావాల్సినట్టు మార్చమనడం, బిల్లు ఊరివాళ్ల మీద వేసి వెళ్లిపోవడం... టూరిజం శాస్త్రమంతా ఆయన ఒక్క ట్రిప్పులో ఆచరించి చూపించాడు.

కోర్డోబాలోనూ ఆయన చలవ ఉంది. అక్కడి మసీదు స్తంభాల నడుమ కేథడ్రల్ కడతామంటే, కూడదని ఊరి పెద్దలు మొత్తుకున్నారు. చార్లెస్ సరే కట్టుకోండి అన్నాడు. తర్వాత వచ్చి చూసి, ఎక్కడైనా కట్టుకోగలిగేదాని కోసం ఎక్కడా లేనిదాన్ని పాడుచేశారే అని నొచ్చుకున్నాడని చెప్పుకుంటారు. నిజంగా అన్నాడో లేదో గానీ, ముందు ఓకే కొట్టేసి తర్వాత చెడ్డ రివ్యూ ఇచ్చిన తొలి యాత్రికుడిగా కూడా ఆయన పేరే వేసుకోవచ్చు.

ఆయన దారిలో నడిచినవాళ్లు తక్కువేం కాదు. 1812లో నెపోలియన్ సైన్యం గ్రనాడా ఖాళీ చేస్తూ కోటలో కొన్ని బురుజులు పేల్చేసి పోయింది. చెక్-అవుట్ టైములో గది ఎలా వదలాలో కొందరికి నేర్పాలి. 1829లో అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ అయితే రాజభవనంలోనే గదులు తీసుకుని వారాల తరబడి మకాం వేశాడు. స్లాటు లేదు, స్కానింగ్ లేదు. దీనిమీద ఇంతవరకూ ఎవరూ కేసు వేయలేదంటే మన సహనానికి జోహార్లు. అదే ఏడు దొల్గొరూకొవ్ అనే రష్యా దౌత్యవేత్త, జనం గోడల మీద పేర్లు చెక్కడం చూడలేక, సంతకాలు చేసుకోండని ఒక పుస్తకం ఇచ్చిపోయాడు. ఫోన్‌తోనే పేరు వెలిగిపోయే ఈ రోజుల్లో ఆ పుస్తకానికి మునుపటి గిరాకీ ఉండదు.

సింహాల ముంగిలి గురించి కూడా ఫిర్యాదు నమోదు చేయాలి. పాలరాతి సింహాలు పన్నెండు, నడుమ ఫౌంటెన్ పళ్లెం. "ఇవేం సింహాలు, కుక్కపిల్లల్లా ఉన్నాయి" అనేది సాధారణ అభిప్రాయం. పళ్లెం అంచు చుట్టూ ఇబ్న్ జమ్రక్ అనే ఆస్థాన కవి పద్యం చెక్కి ఉంది. నీరూ పాలరాయీ ఎంతగా కలిసిపోయాయంటే వాటిలో పారుతున్నది ఏదో కంటికి అందడం లేదని ఆయన ఆశ్చర్యపోయాడు. కవి కాబట్టి తీరిక ఉంది, ఆశ్చర్యపోయాడు. ఇవాళ ముంగిట్లో నిలబడ్డవాళ్లందరినీ వేధించే ప్రశ్న వేరు: ఆ ఎర్ర చొక్కా ఆయన ఫ్రేములోంచి ఎప్పుడు కదులుతాడు? ఆ ఎర్ర చొక్కా ఆయన కూడా ఇటువైపు ఉన్న పసుపు చుడీదార్ గురించి సరిగ్గా ఇదే అనుకుంటూ ఉంటాడు. ఇద్దరూ కదలరు. స్లాటు కదిలిపోతుంది.

కోట దిగి ఊళ్లోకి వస్తే ఊరికీ క్రమశిక్షణ లేదు. కేథడ్రల్ దగ్గర ఒకావిడ నవ్వుతూ రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెడుతుంది. అది బహుమతి అనుకుని పుచ్చుకున్నవాడికి హస్తసాముద్రికం, దీవెన, బిల్లు వరసగా అందుతాయి. అల్బైసిన్ అనే పాత పేట ఏటవాలు సందుల్లో గులకరాళ్లు పరిచారు, చక్రాల సూట్‌కేసు అక్కడ మనకంటే ముందు కేకలు పెడుతుంది. సాయంత్రం ఆరింటికి ఆకలేస్తుంది. వంటింట్లో పొయ్యి ఎనిమిదిన్నర దాటితే గానీ వెలగదు. అయితే ఒక మంచి ఆచారం ఉందండోయ్. ఏదైనా డ్రింక్ తీసుకుంటే పక్కన చిన్న ప్లేటు తినుబండారం ఉచితంగా వస్తుంది, తపా అంటారు. శాకాహారులకు ఆ ప్లేటు లాటరీ లాంటిది. మూత తీస్తే పంది మాంసం. ముందే చెబితే సలాడ్, దాని మీద ట్యూనా చేప. వేయించిన వంకాయ మీద చెరకు పాకం పోసిచ్చే వంటకం ఒకటుంది, దాన్ని అడగండి. ఈ వ్యాసంలో వ్యంగ్యం లేని వాక్యం అదొక్కటే.

సాయంత్రం మిరదోర్ దె సాన్ నికోలాస్ దగ్గర సూర్యాస్తమయం చూడాలని గైడ్లందరి ఉత్తర్వు. అల్‌హంబ్రా ఎదురుగా కనబడుతుంది, వెనక సియెర్రా నెవాడా మంచుకొండలు. సూర్యుడు మాత్రం ఇంకో పక్క దిగుతాడు. అటువైపు చూసినవాడు లేడు. ఎవరో గిటార్ వాయిస్తుంటే, వందల మంది ఫోన్లెత్తి కోట గోడ ఎర్రబడే క్షణం కోసం ఎదురుచూస్తుంటారు. పాపం సూర్యుడు లైట్‌బాయ్ ఉద్యోగానికి దిగిపోయాడు.

ఇక ఈ ఊరు పర్యాటకుల కోసం చేసిన అసలైన ఏర్పాటు గురించి చెప్పాలి. దానికి పునాది రెండవ ఫిలిప్ రాజు, ఐదవ చార్లెస్ గారి అబ్బాయి, 1567లో తెచ్చిన చట్టం. 1492లో గ్రనాడా లొంగిపోయేటప్పుడు మీ మతం, మీ ఆచారాలు మీకే అని ముస్లింలకు ఒప్పందం రాసిచ్చారు. పదేళ్లయినా తిరక్కముందే దానికి నీళ్లొదిలి మతం మార్పించారు. ఫిలిప్ ఇంకా పద్ధతిగా, ఇకపై అరబ్బీ మాట్లాడకూడదు, రాయకూడదు, మూర్ల బట్టలు కట్టకూడదు, వాళ్ల స్నానశాలలు నడపకూడదు, జంబ్రా అనే ఆటపాటలు కూడదు, శుక్రవారాల్లో ఇంటి తలుపులు మూసుకోకూడదు అని శాసించాడు. తర్వాతి ఏడాదే తిరుగుబాటు, దాని అణచివేత, ఊళ్ల నుంచి తరిమివేత. 1609 నుంచి 1614 దాకా మిగిలిన మొరిస్కోలను దేశం నుంచే ఓడలెక్కించారు.

ఇప్పుడు అదే చట్టం పట్టుకుని ఊళ్లో తిరగండి. అరబ్బు పద్ధతి స్నానశాల ఉంది, గంటన్నర స్లాటు, మసాజ్‌కి అదనం. సాక్రోమోంతె గుహల్లో జంబ్రా ఉంది, డ్రింక్‌తో ఒక రేటు, లేకుండా ఒక రేటు. మూర్ల వేషం వేసి ఫోటో తీసే స్టూడియో ఉంది. కల్దెరెరియా వీధిలో పుదీనా టీ తాగుతూ మీ పేరు అరబ్బీలో అందంగా రాయించుకోవచ్చు. అల్బైసిన్‌లో పర్యాటకులకు అద్దెకిచ్చే ఇళ్ల తలుపులు శుక్రవారమే కాదు వారమంతా తెరిచే ఉంటాయి, కోడ్ నొక్కితే తాళం డబ్బాలోంచి చేతికొస్తుంది. ఫిలిప్ గారి చట్టాన్ని మళ్లీ అచ్చేసి, ప్రతి నిషేధం పక్కన యూరోల్లో ధర చేరిస్తే టూరిజం శాఖకు కొత్త బ్రోషర్ ఖర్చు మిగులుతుంది. ఏటా జనవరి 2న నగరం పట్టుబడిన రోజును జెండా ఊపి పండగ చేస్తారు. కోటలోని బురుజు గంటను ఆ రోజు కొట్టిన పెళ్లికాని అమ్మాయికి ఏడాది లోపు పెళ్లవుతుందని నమ్మకం. మ్యాట్రిమొనీ ప్యాకేజీగా దీన్ని ఇంకా మనవాళ్లెవరూ అమ్మకపోవడం నాకు వింతగా ఉంది.

ఒక్క సరుకు మాత్రం స్టాకు లేదు. మతం మార్పించిన ఆ రోజుల్లో కార్డినల్ సిస్నెరోస్ అనే చర్చి పెద్ద వైద్య గ్రంథాలు కొన్ని పక్కన పెట్టించి, మిగతా అరబ్బీ పుస్తకాలు బిబ్-రంబ్లా చౌక్‌లో కుప్ప పోయించి తగలబెట్టించాడు. ఇప్పుడు ఆ చౌక్ చుట్టూ కఫేలున్నాయి. చుర్రోలు వేడివేడిగా వేసిస్తారు, చిక్కటి చాక్లెట్‌లో ముంచుకుని తినాలి. పొద్దున్నే వెళ్తే నీడలో టేబుల్ దొరుకుతుంది.