రికార్డు అడిగితే జవానును అవమానించినట్టా?

బెంగళూరులోని మా రామ్మూర్తినగర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. "మిలటరీలో చేసిన నాయకుడు తన సర్వీసు గురించి అబద్ధం చెప్పడు. చెబితే జైలే. యూనిఫాంలో ఫొటో ఉంది, ఇంకేం కావాలి? రికార్డు అడగడమంటే జవాన్లను అవమానించడమే." ఇందులో ఒక్కటీ నిజం కాదు. మా నాన్న ఇక్కడి హలసూరులోని సైన్యపు ఇంజనీర్ల దళం ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్)లో సాపర్‌గా, అంటే మామూలు జవానుగా చేరి సుబేదార్‌గా రిటైరయ్యారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మిలటరీలో చేసినవాళ్లు అబద్ధం చెప్పరా? అమెరికాలో రాజకీయ నాయకుడు రిచర్డ్ బ్లూమెంథాల్ 1970లో అక్కడి సైనిక దళాల్లో ఒకటైన మెరైన్ కోర్ రిజర్వులో చేరారు. వియత్నాం యుద్ధానికి మాత్రం వెళ్లలేదు. అయినా 2008లో ఒక సభలో, వియత్నాంలో పనిచేశానని చెప్పుకున్నారు. 2010లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని బయటపెట్టింది. నేవీ రిజర్వు అధికారిగా చేసిన మరో నాయకుడు మార్క్ కర్క్ సంగతీ అదే ఏడాది తేలింది. యూనిట్‌కు వచ్చిన అవార్డును తన సొంతమన్నట్టు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఇద్దరూ నిజంగా యూనిఫాం వేసినవాళ్లే. ఇద్దరూ ఆ నవంబరులో సెనేట్‌కు గెలిచారు కూడా. మొత్తం కల్పించనక్కర్లేదు, ఉన్న సర్వీసుకు ఒక చిన్న మాట అతికిస్తే చాలు.

జైలు మాటకొస్తే, కాలిఫోర్నియాలో నీటి బోర్డు సభ్యుడు జేవియర్ అల్వారెజ్ తనకు అక్కడి అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిందని పచ్చి అబద్ధం చెప్పాడు. ఆ కేసులోనే 2012లో అమెరికా సుప్రీంకోర్టు సైనిక పతకాల గురించి అబద్ధం చెప్పడాన్నే నేరం చేసిన 2005 నాటి చట్టాన్ని కొట్టేసింది. 2013లో వచ్చిన కొత్త చట్టం, ఆ అబద్ధంతో డబ్బో మరో లాభమో పొందాలని చూస్తేనే వర్తిస్తుంది. మన దగ్గర ఎన్నికల్లో అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్, ఫారం 26లో కేసులు, ఆస్తులు, చదువు రాయాలి. సైన్యంలో ఎక్కడ, ఏం చేశారన్న ప్రశ్నే లేదు. ఇక సభలో నోటిమాటగా చెప్పినదానికి ఏ జైలు?

ఫొటో సంగతి. ధోనీ 2011 నుంచి టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్. ఆ గౌరవం నిజమైనదే, ఆయన దాచిందీ లేదు. కానీ యూనిఫాం ఒకటే కాబట్టి, ఫొటో చూసి అది గౌరవ ర్యాంకో, ఇరవై ఏళ్ల సర్వీసో మామూలు జనం చెప్పలేరు.

ఇక అవమానం. ఇదే నన్ను బాగా బాధపెట్టింది. కార్గిల్ సమయానికి రెండు పతకాలున్నాయి. పోరు జరిగిన ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఆపరేషన్ విజయ్ స్టార్, మిగతా సరిహద్దుల్లో మోహరించినవాళ్లకు ఆపరేషన్ విజయ్ మెడల్. నాన్నది మెడల్. మొన్న ఆగస్టు 15న కాలనీలో మైకులో "కార్గిల్‌లో పోరాడిన మన సుబేదార్ గారు" అన్నారు. నాన్న మైకు తీసుకుని, "నేనప్పుడు రాజస్థాన్ బోర్డర్‌లో ఉన్నానయ్యా. కార్గిల్‌లో ఉన్నది వేరేవాళ్లు. వాళ్లలో కొంతమంది తిరిగి రాలేదు" అన్నారు. ఈ మెసేజ్ చూపిస్తే బీరువా తెరిచి డిశ్చార్జ్ బుక్ తీసి నా చేతిలో పెట్టారు. ఏ యూనిట్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పతకాలు, అన్నీ అందులో రాసున్నాయి.

"ఎవరైనా అడిగితే చూపించు," అన్నారు.