బధిరుల సంస్థల్లో శాలువా ఎవరికి, చాకిరీ ఎవరిది?

ఏటా సెప్టెంబర్ చివరి వారంలో బధిరుల వారోత్సవాలని మన ఊళ్లలో సభలు పెడతారు. వాటిల్లో ఒక్కదానికైనా వెళ్లినవాళ్లు ఇది చూసే ఉంటారు. వేదిక మీద కుర్చీల్లో ఉన్నవాళ్లంతా వినగలిగినవాళ్లే: దాత, ట్రస్టీలు, ఎమ్మెల్యేనో కార్పొరేటరో, ఒక రిటైర్డ్ అధికారి. బధిరులేమో కింద కూర్చుని ఉంటారు. వేదికకి ఓ చివర, స్పీకర్ బాక్సు పక్కన, ఒకమ్మాయి నిలబడి గంటన్నర నుంచి చేతులు ఆడిస్తూనే ఉంటుంది. మైకు ముందుకొచ్చేవాళ్లు మారతారు, ఆమె మాత్రం మారదు. శాలువాలు కప్పడం మొదలయ్యాక కూడా ఎవరికి ఎందుకు కప్పుతున్నారో కింద ఉన్నవాళ్లకి సైగల్లో చెబుతూనే ఉంటుంది. ఆమెకి ఓ గ్లాసు మంచినీళ్లు ఇవ్వాలని ఎవరికీ తట్టదు.

ఆమె ఇంటర్‌ప్రెటర్. ఒకరు తెలుగులో మాట్లాడుతుండగానే విని, అర్థం చేసుకుని, వేరే వ్యాకరణం ఉన్న ఇంకో భాషలోకి అప్పటికప్పుడు మార్చడం మెదడుని పిండేసే పని. అందుకే పద్ధతిగా చేసేచోట ఇద్దరిని పెట్టి ఇరవై నిమిషాలకో అరగంటకో మారుస్తారు. లేకపోతే అలసట మొదలై చెప్పేది తప్పుతుంది, కొన్ని మాటలు జారిపోతాయి. మన జిల్లాల్లో సంస్థకి ఒక్కరు దొరకడమే గొప్ప. ఆ ఒక్కరు కూడా చాలాసార్లు బధిర దంపతుల కూతురో కొడుకో అయ్యుంటారు, చిన్నప్పటి నుంచి అమ్మానాన్నల తరఫున బ్యాంకులో, రేషన్ షాపులో మాట్లాడీ మాట్లాడీ ఆ పనిలోకి వచ్చినవాళ్లు.

స్థానిక బధిరుల సంస్థలు నిజంగా నడుస్తున్నది ఈ ఇంటర్‌ప్రెటర్ల మీదా, అక్కడ పనిచేసే బధిర ఉద్యోగుల మీదా. కానీ పేరూ, జీతమూ, నిర్ణయాధికారమూ వాళ్లకి దక్కుతున్నది చాలా తక్కువ. దీనికి సంస్థలనే తప్పు పట్టి లాభం లేదు. మనం విరాళాలిచ్చే తీరే వాటిని అలా తయారుచేసింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైనే. ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది 2015లో. అక్కడ రెండేళ్ల ఇంటర్‌ప్రెటర్ డిప్లొమా ఉంది, వేల పదాలతో వీడియో నిఘంటువు కూడా తయారైంది. ఇవన్నీ మంచి పనులే, కాదనను. కానీ డిప్లొమా చేసి బయటికొచ్చినవాళ్లకి ఉద్యోగాలెక్కడ? ఏ జిల్లా ఆసుపత్రిలో ఇంటర్‌ప్రెటర్ కనిపిస్తున్నారు? ఏ పోలీస్ స్టేషన్‌లో?

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో చూడండి. కడుపునొప్పితో వచ్చిన బధిరుడి పక్కన సంస్థ నుంచి వచ్చిన ఇంటర్‌ప్రెటర్ నిలబడి ఉంటారు. డాక్టర్ గారు మాస్కు తియ్యరు, పేషెంట్ వైపు చూడరు, ఇంటర్‌ప్రెటర్‌తోనే "ఈయనకి ఎప్పట్నుంచి అడగండి" అంటారు. పేషెంట్ చేత్తో కుడివైపు కింద సరిగ్గా ఆ చోటే చూపించి, నొప్పి ఎలా మెలితిప్పుతోందో వేళ్లతో చూపిస్తుంటే ఆ చేతిని చూడాల్సిన మనిషి కంప్యూటర్‌లో ఏదో టైప్ చేస్తుంటారు. అప్పుడు ఆ ఇంటర్‌ప్రెటర్ మర్యాదగా, "సార్, ఒకసారి ఆయన్ని చూడండి" అని చెప్పాలి. అనువాదంతో పాటు డాక్టర్‌కి పాఠం చెప్పడం కూడా ఆమె డ్యూటీయే అయిపోతుంది. "కాగితం మీద రాసి అడగొచ్చుగా" అనేవాళ్లున్నారు. చిన్నప్పుడు ఇంట్లో గానీ బడిలో గానీ తనకి అందే భాష దొరకని మనిషికి తెలుగు వాక్యం చదివి అర్థం చేసుకోవడం ఎంత కష్టమో వాళ్లకి తెలియదు.

చట్టం లేదా అంటే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లకి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, న్యాయం పొందడంలో తోడ్పాటు ఉండాలంది. సాక్ష్యాల చట్టం ప్రకారం మాట్లాడలేని సాక్షి సైగలతో సాక్ష్యం చెప్పొచ్చు, కోర్టు ఇంటర్‌ప్రెటర్ సాయం తీసుకోవాలి, దాన్ని వీడియో తియ్యాలి. పోక్సో కేసుల్లోనూ పిల్లల కోసం ఇలాంటి ఏర్పాటే ఉంది. 2023 సెప్టెంబర్‌లో సారా సన్నీ అనే బధిర న్యాయవాది ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులో పాల్గొంటే దేశమంతా చప్పట్లు కొట్టింది. కానీ ఒక మండలంలో బధిర అమ్మాయి మీద అఘాయిత్యం జరిగితే రాత్రి పదకొండింటికి ఎస్ఐ ఫోన్ చేసేది దగ్గర్లోని బధిరుల సంస్థకే. బస్సు ఛార్జీ ఎవరిస్తారన్న ప్రశ్న కూడా లేకుండా ఆ ఇంటర్‌ప్రెటర్ బయల్దేరాలి. ఆ అమ్మాయి చెప్పిన ప్రతి వివరం తన నోటితో ఫస్ట్ పర్సన్‌లో, "నన్ను ఇలా చేశాడు" అని చెప్పాలి. అలాంటి రాత్రి తర్వాత ఆ మనిషికి నిద్ర పడుతుందా అని అడిగే దిక్కుండదు, తెల్లారితే వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపుకి ఇంకో పదిమందిని తీసుకెళ్లాలి.

ఇక బధిర ఉద్యోగుల సంగతి. బధిర పిల్లల్లో చాలామంది వినగలిగిన తల్లిదండ్రులకి పుట్టినవాళ్లే. తనలాంటి పెద్దవాళ్లని ఎప్పుడూ చూడని పిల్లాడు మొదటిసారి సంస్థకి వచ్చి, ఒక బధిర టీచర్ గబగబా సైగలు చేస్తూ నవ్వుతూ పాఠం చెప్పడం చూస్తే, ఆ పూటంతా ఆయన కొంగు పట్టుకున్నట్టే తిరుగుతాడు. పక్కన తల్లి కూర్చుని, కొడుకుతో తను ఇన్నేళ్లు చెప్పుకోలేని మాటలు ఈయన పది నిమిషాల్లో ఎలా చెప్పాడా అని చూస్తుంటుంది. ఏ వినికిడి పరీక్షా, ఏ కౌన్సెలింగూ చెయ్యలేని పని అది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద జరిగిన అంతర్జాతీయ సమావేశం బధిరుల బడుల నుంచి సైగల భాషని వెళ్లగొట్టింది, ఆ దెబ్బకి బధిర టీచర్లు కూడా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే పరంపర సమావేశం దానికి విచారం చెప్పింది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల ఆ బధిర టీచర్ హోదా "అసిస్టెంట్".

సంస్థ పగ్గాలు బధిరులకే ఇవ్వొచ్చుగా అంటే, "బధిరులకి ఫండ్స్ తేవడం, ఆఫీసర్లతో మాట్లాడటం కష్టం కదా" అంటారు. ఇంటర్‌ప్రెటర్‌ని పెడితే కష్టమేముంది? హైదరాబాద్‌లోని డెఫ్ ఎనేబుల్డ్ ఫౌండేషన్‌ని బధిరులే నడుపుతున్నారు.

డబ్బు దగ్గర అసలు చిక్కు. దాతలకి హియరింగ్ ఎయిడ్లు పంచడమంటే ఇష్టం, ఫొటో బాగా వస్తుంది. దానికి బ్యాటరీలు కొంటూ ఉండాలి, పిల్లాడి చెవి పెరుగుతుంటే చెవిలో పెట్టే అచ్చు (ఇయర్ మౌల్డ్) మార్చాలి. ఆపరేషన్ చేసి లోపల అమర్చే వినికిడి పరికరం, అంటే కాక్లియర్ ఇంప్లాంట్ అయితే, ఆ తర్వాత ఏళ్ల తరబడి థెరపీ, బయట పెట్టుకునే ప్రాసెసర్ పాడైతే రిపేరు. ఈ ఖర్చులకి గానీ ఒక థెరపిస్టు జీతానికి గానీ విరాళం అడిగితే "జీతాలకి మేమివ్వం" అనేస్తారు. ఆ మాట వల్లే మంచి ఇంటర్‌ప్రెటర్లు రెండేళ్లు చేసి కాల్ సెంటర్ ఉద్యోగం చూసుకుంటున్నారు. వాళ్లని నేను తప్పుపట్టను, వాళ్లకీ ఇంటద్దె ఉంటుంది.

వాలంటీర్ల మీద నాకు గౌరవం ఉంది, ముఖ్యంగా పేరు కనిపించని రకం మీద. ఆదివారం ఆదివారం వచ్చి లెక్కల ట్యూషన్ చెప్పే ఐటీ కుర్రాడు, తోటి బధిరులకి పెన్షన్ దరఖాస్తులు, కార్డుల కాగితాలు నింపిపెట్టే రిటైర్డ్ బధిర గుమస్తా, ఇద్దరూ బంగారం. పుట్టినరోజుకి కేకు తెచ్చి ఓ గంట ఉండి వెళ్లే బృందాలతోనే ఇబ్బంది. పిల్లల చేత "థాంక్యూ" సైగ చేయించి వీడియో తీసుకుంటారు. ఆ గంట కోసం క్లాసు ఆపాలి, ఇంటర్‌ప్రెటర్ మళ్లీ నిలబడాలి. రావాలనుంటే ముందు ఇంట్లో కూర్చుని ఇందాక చెప్పిన ఆ వీడియో నిఘంటువులో వంద సైగలు నేర్చుకుని రండి, తప్పులు పిల్లలే దిద్దుతారు, సంతోషంగా.

సంస్థల్ని నేను అడిగేది ట్రస్టు బోర్డులో సగం కుర్చీలు బధిరులకివ్వమని, మీటింగ్ మినిట్స్ వాళ్లకి అర్థమయ్యే వీడియోగా కూడా పెట్టమని. ప్రభుత్వాలు చెయ్యాల్సింది అంతకన్నా పెద్దదేమీ కాదు: ప్రతి జిల్లాకీ శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్ల జాబితా, గంటకింతని ఫీజు, రాత్రిపూట పిలిస్తే రెట్టింపు, ఆ ఫీజు కట్టే బాధ్యత పిలిచిన ఆసుపత్రిదో పోలీస్ స్టేషన్‌దో అని తేల్చి చెప్పే ఒక జీవో. అది వచ్చేదాకా ఈ బిల్లంతా బధిరుల సంస్థల్లో అరజీతానికి పనిచేసేవాళ్లే కడుతుంటారు.